చేపను వదిలేసే ముందు చేతులెందుకు తడపాలి?

రఘునాథపల్లి వైపు చెరువులో పెద్దవాళ్లతో కలిసి గాలం వేశారు. పిల్లచేప తగిలింది. వదిలేద్దామనుకున్నారు, మంచిదే! కానీ పొడిచేత్తో పట్టుకోకండి. ఎందుకు? చేప ఒంటిమీది జిగురు పొరే రోగాలను ఆపుతుంది. పొడిచేతికి అది ఊడొస్తుంది.

ఊపిరి సంగతీ చూడాలి. మునిగితే మన జుట్టు నీళ్లలో విచ్చుకుంటుంది, పైకి లేవగానే ముద్దవుతుంది కదా? బొచ్చె చేప మొప్పల్లోని సన్నటి రేకులూ అంతే. అతుక్కుంటే ఊపిరాడదు. అందుకే తొందరగా వదలాలి.

మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమట్ట మాత్రం గడుసుది, నేరుగా గాలి పీలుస్తుంది! అయినా దాని జిగురూ జిగురే. పైగా వానాకాలంలో అది ఎర్రటి పిల్లల గుంపుకు కాపలా కాస్తుంది. అప్పుడు పట్టుకుపోతే ఆ పిల్లల్ని వేరే చేపలు మింగేస్తాయి.

కొక్కెం లోతుగా దిగిందా? లాగొద్దు, దారాన్ని నోటి దగ్గరే కత్తిరించమని పెద్దవాళ్లకు చెప్పండి.