పుల్లల గూడు, గువ్వ పాలు

బాల్కనీలో పూలకుండీ వెనకో, ఏసీ స్టాండు మీదో నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడి ఉంటే చెత్త అనుకుని ఊడ్చేయకండి. అది పొడ గువ్వ గూడు కావచ్చు. కింది నుంచి చూస్తే పుల్లల సందుల్లోంచి తెల్లటి గుడ్లు రెండూ కనబడేంత పలచన. గిజిగాడి గూడు చూసిన కంటికి ఇది గూడులాగే ఆనదు. మగది పుల్ల తెచ్చి అందిస్తుంది, ఆడది కూర్చున్నచోటే సర్దుకుంటుంది. గాలివానకు కొన్ని గూళ్లు పోతాయి, కాకులూ పిల్లులూ ఇంకొన్నిటిని ఖాళీ చేస్తాయి. అయినా ఊరూరా గువ్వలున్నాయి. ఎలాగంటారా?

ముందు దాన్ని గుర్తుపట్టాలి. అపార్ట్‌మెంట్ల మీద గుంపులు కట్టే బూడిదరంగు పావురం వేరు. గువ్వ సన్నగా, గోధుమ, లేత గులాబి కలిసిన రంగులో ఉంటుంది. మెడ వెనక నల్లటి పట్టీ, దాని నిండా తెల్ల చుక్కలు. ఆ పొడలే దాని పేరు. పిల్ల గువ్వలకు మాత్రం అవి ఉండవు.

ఇక అసలు సంగతి, పాలు. పిచ్చుక పిల్లలు పెరగాలంటే పురుగులు దొరకాలి. గువ్వకు ఆ బెంగ లేదు. పిల్లలు గుడ్లలోంచి బయటపడే వేళకు తల్లికీ తండ్రికీ కూడా గొంతు కింద మేత నిలవుండే సంచి లోపలి పొర మందమై, జున్ను తరకల్లా ఊడివస్తుంది. మాంసకృత్తులూ కొవ్వూ నిండిన ఆ ముద్దే మొదటి రోజుల్లో పిల్లల ఆహారం. పిల్లలు పెద్దల నోట్లో ముక్కు పెట్టి తాగుతాయి. దీన్ని పుట్టించేది ప్రొలాక్టిన్. మన అమ్మల పాలకు కారణమైన హార్మోన్ కూడా ఇదే. 1933లో శాస్త్రవేత్తలు దానికి ఆ పేరు పెట్టింది పావురాల మీద పరిశోధన చేస్తూనే! తండ్రి కూడా పాలివ్వడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా అబ్బురమే.

రాలిన గింజలుంటే చాలు, పాలు తయారవుతాయి. అందుకే గువ్వ ఒక రుతువు కోసం కాచుకోదు. ఒక గూడు చెడితే మళ్లీ పుల్లలు ఏరుతుంది. గట్టి గూడు కట్టడానికి వారాలు ఖర్చుపెట్టదు గనక పోయిందీ తక్కువే.

సుమారు రెండు వారాల పొదుగు, మరో రెండు వారాల పెంపకం. ఆ నెల రోజులూ కుండీని కదపకండి. తినేది ఎండు గింజలు కాబట్టి గువ్వకు రోజూ నీళ్లు కావాలి. కాస్త దూరంగా వెడల్పాటి మట్టిమూకుడులో పెట్టి చూడండి. కోడిలా గుక్కకోసారి తల ఎత్తదు. ముక్కు ముంచి, ఆపకుండా పీల్చుకుంటుంది.