అటక మూత సందులు – ఆయాసానికి దారులు

“మందు తప్పక వాడుతున్నాము, పథ్యము పాటిస్తున్నాము. అయినా మా పిల్లవానికి తెల్లవారుజామున ఆయాసము తగ్గుట లేదండీ” అని ఆత్మకూరునుండి వచ్చిన ఒక తల్లి నాతో వాపోయినది. విచారింపగా, వారి పాత పెంకుటింటిలో ఆ బాలుని మంచము సరిగా అటక ద్వారము క్రిందనే ఉన్నదని తెలిసినది. మూతపలక ఎండకు వంగి, చుట్టూ వ్రేలు దూరునంత సందు ఏర్పడినదట.

చరక సంహిత, చికిత్సాస్థానము, 17వ అధ్యాయములో శ్వాసరోగ కారణాలుగా ధూళి, పొగ, గాలి, చల్లని స్థలములందు నివాసము చెప్పబడినవి. కారణమును తొలగించుటయే నిదాన పరివర్జనము. అది చేయక ఎంత మందు మ్రింగినను ఫలము స్వల్పమే.

ఉదయగిరి, ఆత్మకూరు సీమలో వేసవిన పడమటి గాలి వీచునపుడు పెంకుల నడుమ దూరిన గాలి, అటకలోని దుమ్మును, ఎలుకల పెంటికల పొడిని, గబ్బిలాల రెట్టల పొడిని సందులగుండా గదిలోనికి దించుతుంది. చలికాలపు రాత్రులలో గదిలోని వెచ్చని గాలి ఆ సందులనుండి పైకి పోయి, తలుపు క్రిందనుండి చలిగాలి ప్రవేశిస్తుంది. ఏ.సి. ఉన్న గదిలో చల్లగాలి బరువుగా ఉండి తలుపు అడుగునుండి జారిపోతుంది. ఆ లోటును పూరించుటకు అటకలోని వేడిగాలి పైనుండి దిగుతుంది. ఆరోగ్యానికీ హానియే, విద్యుత్తూ వృథాయే.

సందును కనుగొనుట సులభము. గాలి వీచు వేళ రోగిని వేరొక గదిలో ఉంచి, వెలిగించిన అగరువత్తిని మూత అంచుల వెంట నెమ్మదిగా త్రిప్పవలెను. పొగ వంగిన చోటనే గాలి కదులుతున్నదని గ్రహింపవలెను.

ముందుగా అటకను శుభ్రపరచవలెను. పొడి చీపురుతో ఊడ్వరాదు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, బ్లీచింగు పొడి కలిపిన నీరు చిలికి, కొంతసేపు నాననిచ్చి తడిగుడ్డతో తుడువవలెను. ఈ పని ఆయాసము గలవారు చేయరాదు.

పిదప చట్రమునకు, గోడకు నడుమనున్న పెద్ద సందులను సున్నము, ఇసుక కలిపిన గచ్చుతోను, చిన్న పగుళ్లను లప్పముతోను పూడ్చవలెను. ఎలుకలు కొరికిన చోట రేకుముక్క బిగించవలెను. వంగిన పలకను మార్చి, మూత ఆనుచోట నాలుగువైపులా రబ్బరు పట్టీ అంటించి, గడియ వేయవలెను. మూత పట్టీపై అదిమినట్లు కూర్చున్నప్పుడే గాలి ఆగుతుంది.

ఒక హెచ్చరిక. వంటగదిలో పొగ పోవు గూటిని, గాలి కిటికీలను మూయరాదు. గ్యాసుపొయ్యి ఉన్నచోటనూ గాలి రాకపోకలు ఉండవలెను. మనము మూయవలసినది దుమ్ముదారిని, ఊపిరిదారిని కాదు.

పెద్దవారు ఉదయము చిటికెనవ్రేలితో నువ్వులనూనెను నాసికాపుటాలలో పలుచగా రాసికొనుట మంచిది. పడిశము, జ్వరము ఉన్నప్పుడు మానవలెను. వైద్యుడు ఇచ్చిన పీల్చు మందును స్వయముగా ఆపరాదు. మాట పెగలనంత ఆయాసము వచ్చినా, పెదవులు నీలివర్ణమైనా క్షణమైనా జాగు చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఆ తల్లి మంచమును జరిపి, మూతను సరిచేయించినది. మందు మార్చలేదు. రెండు మాసముల తరువాత, రాత్రి ఆయాసము చాలవరకు నెమ్మదించినదని చెప్పినది. పాఠకులారా, ఈ రాత్రి పండుకొనేముందు ఒక్కసారి తలపైకి చూడండి.