తెల్లని పొడి, ఒక్క రక్తపు బొట్టు

పసిపిల్లలకు తొడలు ఒరిసి ఎర్రబడితే రాసే తెల్లని క్రీము, దురదకు పూసే కాలమైన్ లోషన్, పంటి డాక్టరు లవంగ నూనెతో కలిపి నింపే తాత్కాలిక సిమెంటు - ఈ మూడింటిలోనూ ఉండేది జింక్ ఆక్సైడ్ అనే తెల్లని పొడి. ఈ పాత మందుకు శాస్త్రజ్ఞులు ఒక కొత్త పని నేర్పుతున్నారు. అది రక్తంలో షుగరును కొలవడం.

తార్నాక దారిలో

తార్నాక నుండి హబ్సిగూడ వైపు వెళ్లేవారికి ఐ.ఐ.సి.టి. తెలిసినదే. 1944లో మొదలైన ఈ సంస్థలో ఎం. లక్ష్మీ కాంతం బృందం 2005లో జింక్ ఆక్సైడ్ నానో స్ఫటికాలను రసాయన చర్యలను వేగపరిచే ఉత్ప్రేరకంగా వాడి చూపింది. నానో అంటే ఎంత? ఒక మిల్లీమీటరులో పది లక్షల నానోమీటర్లు! పొడి అంత సన్నబడితే దాని ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పని జరిగేది ఆ ఉపరితలం మీదే.

షుగరు కొలిచే సెన్సారుకూ కావలసింది అదే. దాని తయారీకి పొడి చేసే రసాయన శాస్త్రం, కరెంటు కొలిచే భౌతిక శాస్త్రం, ఎంజైము గుణం తెలిసిన జీవరసాయన శాస్త్రం మూడూ కలవాలి. తార్నాకను ఆనుకుని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ మూడు శాఖలూ ఒకే ఆవరణలో ఉన్నాయి.

ఎలా పనిచేస్తుంది?

1962లో అమెరికాలో క్లార్క్, లయన్స్ అనే వైద్య పరిశోధకులు గ్లూకోజును గుర్తించే ఎంజైమును ఎలక్ట్రోడుకు జత చేసే పద్ధతిని ప్రకటించారు. నేటి గ్లూకోమీటరుకు మూలం అదే. ఎంజైము గ్లూకోజుతో చర్య జరిపినప్పుడు పుట్టే స్వల్ప కరెంటును మీటరు అంకెగా చూపిస్తుంది.

ఎంజైము జారిపోకుండా, చెడిపోకుండా నిలవాలి. రక్తంలోని స్వల్ప క్షార గుణంలో జింక్ ఆక్సైడ్‌కు ధనావేశం, గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైముకు ఋణావేశం ఉంటాయి. అందుకే అవి అయస్కాంతంలా అంటుకుంటాయి. కానీ ఆమ్లం తగిలితే జింక్ ఆక్సైడ్ కరిగిపోతుంది. కాబట్టి దానిపై పలుచని పూత వేస్తారు, లేదా బంగారు సూక్ష్మ కణాలు అద్దుతారు. దీన్నే ఉపరితల మార్పు అంటారు. ఇటువంటి సెన్సార్లు ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి. ఇది కొలిచే సాధనమే గాని షుగరుకు మందు కాదు. ఎవరైనా జింకు పొడి మింగమంటే మింగవద్దు.

మీ ఇంట్లోని స్ట్రిప్పు

మీ స్ట్రిప్పు మీద ఉన్నదీ ఒక సున్నితమైన ఎంజైమే. అది చెడితే అంకె తప్పుతుంది, ఆ అంకెను నమ్మి వేసుకునే ఇన్సులిన్ ప్రాణానికే ముప్పు తెస్తుంది. కనుక:

- మామిడిపండు తిన్న చేతితో పరీక్ష చేయవద్దు. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోండి.
- స్ట్రిప్పు తీయగానే డబ్బా మూత గట్టిగా పెట్టండి. తేమ, ఎండ తగలనీయవద్దు.
- గడువు దాటిన స్ట్రిప్పులు వాడవద్దు.
- అంకెకూ మీ ఒంటి తీరుకూ పొంతన లేకపోతే మళ్లీ పరీక్షించి, డాక్టరును అడగండి. మోతాదు సొంతంగా మార్చవద్దు.
- చెమటలు, వణుకు వచ్చి షుగరు 70కి తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

దేవుడు శాస్త్రజ్ఞులకు జ్ఞానమిచ్చాడు, మనకు శరీరాన్నిచ్చాడు. వారి పని వారు చేస్తున్నారు. స్ట్రిప్పుల డబ్బా మూత పెట్టడం మన పని.