మెలితే ద్వీపంలో నాగలికి తగిలిన ఆలయాలు



అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం చదివినప్పుడెల్లా మనకు జ్ఞాపకం వచ్చేది పౌలు చేతిని పట్టిన సర్పం, వానలో చలిలో నిప్పు రాజబెట్టి ఆదరించిన ద్వీపవాసులు. ఆ మెలితేనే నేడు మాల్టా అంటారు. ఇటలీకి దక్షిణంగా సముద్రం మధ్యన ఉన్నది. పౌలు ఎక్కిన ఓడ అక్కడ బద్దలగుటకు రమారమి రెండువేల నాలుగువందల సంవత్సరాల క్రితమే, ఆ ద్వీపంలో గొప్ప ఆలయాలు కట్టబడి, పాడుబడిపోయాయి.

మాల్టా, దాని ప్రక్కనున్న గోజో, మరి కొన్ని చిన్న దీవులు అన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. మన మండలాలు ఒకటి రెండు కలిపినంత. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. రాతి నేల, పైన పలుచని మట్టి. అటువంటి చోట బార్లీ, గోధుమ పండించుకొని, గొర్రెలు, మేకలు, పశువులు మేపుకొనే జనులు క్రీ.పూ. 3600 ప్రాంతంలో గోజోలో జ్గంతీయా ఆలయాన్ని లేపారు. ఐగుప్తులో మొదటి పిరమిడ్‌కు అది సుమారు తొమ్మిదివందల ఏండ్లు పెద్దది. గోడలు నేటికీ కొన్నిచోట్ల ఆరు మీటర్ల ఎత్తున నిలిచి ఉన్నాయి. వారికి ఇనుము లేదు, రాగి లేదు, చక్రపు బండి ఉన్న జాడ లేదు. రాతి పనిముట్లు, తాళ్లు, మోకులు, మనుషుల భుజాలు, అంతే. ఆ బండలను చూచి తరువాతి జనులు ఇది రాక్షసుల పని అనుకున్నారు. ఒక రాక్షస స్త్రీ బిడ్డను చంకనెత్తుకొనే ఈ రాళ్లు మోసిందని గోజోలో కథ చెప్పుకొంటారు.

మాల్టాలోని తార్షీన్ ఆలయాలు ఇంకా తరువాతివి. అవి బయటపడిన విధం మన రైతులు వినదగ్గది. అక్కడి పొలంలో నాగలి మాటిమాటికీ పెద్ద రాళ్లకు తగిలేది. ఆ సంగతి జమ్మిత్ అనే వైద్యుని చెవిని పడింది. ఆయన 1915లో త్రవ్వకం మొదలుపెట్టి 1919 వరకు సాగించాడు. (ఈయనే 1905లో, మాల్టా జ్వరం మేకపాల ద్వారా వస్తుందని కనుగొన్నవాడు. మేకలున్న ఇంట పాలు కాచి త్రాగండి అని నేడు చెప్పేది అందుకే.) మట్టి తీయగా మెలికలు తిరిగిన చెక్కడాలు, ఎద్దు బొమ్మలు, పిల్లలకు పాలిచ్చే పంది బొమ్మ కనబడ్డాయి. ఒక బలిపీఠం ముందుభాగంలో ఒక చిన్న రంధ్రం, దానికి సరిపడే రాతి మూత. మూత తీస్తే లోపల చెకుముకి రాతి కత్తి, జంతువుల ఎముకలు! పాదాలు, పావడా అంచు మాత్రం మిగిలిన పెద్ద విగ్రహం కూడ దొరికింది. ఎవరి పేరున ఆ బలులో తెలియదు. వారికి లిపి లేదు.

విగ్రహారాధికులు గనుక మనకేమి అని త్రోసివేయడం సులభం. నాకలా తోచదు. నాలుగు గింజలకు కష్టపడే జనులు తమ సత్తువలో ఇంత భాగం వెయ్యేండ్లపాటు ఆరాధనకు పెట్టారంటే, ఆ ఆకలి సామాన్యమైనది కాదు. పైగా వారి మధ్య యుద్ధాయుధాలు గాని, కోటగోడలు గాని కనబడలేదు. చచ్చినవారిని సైతం పారవేయలేదు. 1902లో నీటి తొట్లు తవ్వే పనివారికి తగిలిన హల్ సఫ్లియేని భూగర్భ సమాధిలో సుమారు ఏడువేలమంది ఎముకలున్నట్లు అంచనా.

అయినా క్రీ.పూ. 2400 ప్రాంతానికి అంతా ఆగిపోయింది. శత్రువులు వచ్చి నరికారా? దానికి గుర్తులు లేవు. ఈమధ్య పరిశోధకులు పాత మట్టిని, పుప్పొడిని, ఎముకలను పరీక్షించారు. చెట్లు తరిగాయి, మట్టి కొట్టుకుపోయింది, చివరి తరాలవారికి తిండి పలుచబడింది అంటున్నారు. వానలు తప్పడం కూడ తోడయ్యింది. పేడ ఎరువు వేసి నేలను కాపాడుకోజూచిన జాడలు కూడ ఉన్నాయి. పొలం చేసేవారికి ఈ వరుస వేరే చెప్పనక్కరలేదు.

కొంతకాలానికి వేరొక జనం ఆ దీవిలో కనిపిస్తారు. వారు తార్షీన్ శిథిలాలలోనే తమ మృతులను దహించి, బూడిదను కుండలలో ఉంచారు. ఆ కుండల దగ్గర లోహపు గొడ్డళ్లు, బాకులు దొరికాయి.