వాగుల లెక్క - డ్రైన్ల గోడు

డిగ్రీ రెండో ఏడు జియాలజీ క్లాసులో ‘డ్రైనేజి డెన్సిటీ’ అనే మాట మొదటిసారి విన్నప్పుడు, ఇదేదో మునిసిపాలిటీ వాళ్ళ వ్యవహారం కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే అది మా పొలం గట్టు దాకా వచ్చే సంగతి!

లెక్క తేలికే. ఒక పరీవాహక ప్రాంతంలోని వాగులు, వంకలు, ఏర్లు అన్నిటి పొడవూ కూడి, ఆ ప్రాంత వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే వాగుల సాంద్రత. 1932లో రాబర్ట్ హార్టన్ అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని నిర్వచించాడు. 10 చదరపు కిలోమీటర్లలో 30 కిలోమీటర్ల వాగులుంటే సాంద్రత 3. అంటే మిట్ట మీద పడ్డ చినుకు సగటున 170 మీటర్లు జారితే చాలు, వాగు చేరుతుంది. సాంద్రత అర అయితే కిలోమీటరు నడవాలి. సాంద్రత ఎక్కువైన చోట వరద గబగబా వస్తుంది, గబగబా పోతుంది.

మరి ఈ అంకె దేన్నిబట్టి మారుతుంది? రాయి, వాలు, వాన, చెట్టు - ఈ నాలుగూ ముఖ్యం. పాపికొండల్లో ఖోండలైటు రాయి గట్టిది, వాలు నిటారు; నీరు ఇంకే వీలు తక్కువ. అందుకే మడత మడతకీ ఒక వాగు. రాజమండ్రి ఇసుకరాయి నీటిని పీల్చుకుంటుంది కనుక అక్కడ వాగులు పలుచన. అడవి ఉంటే వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. అడవి పోతే ప్రతి వానకీ కొత్త గండ్లు పడతాయి.

ధవళేశ్వరం దాటితే కథ తిరగబడుతుంది. ఎగువన ఉపనదుల్ని కలుపుకొచ్చిన గోదావరి ఇక్కడ గౌతమి, వసిష్ఠలుగా చీలిపోతుంది. నేల దాదాపు బల్లపరుపు, మట్టి నల్లజిగురు. నది ఒడ్డు పొలం కంటే ఎత్తు. కాబట్టి చేలో పడ్డ వాన నదిలోకి పోలేదు! కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తిచేశాక కాలవ నీళ్ళు కూడా చేలలోకి వచ్చాయి. వచ్చిన నీరు పోవడానికి దారి మనిషే తవ్వాలి. అంటే డెల్టాలో ఈ సాంద్రతను నిర్ణయించేది చాలావరకు పలుగూ పారే.

పశ్చిమ డెల్టాలో యనమదుర్రు డ్రైను ఉప్పుటేరులో కలుస్తుంది. కొల్లేటి నీరు సముద్రం చేరే దారీ అదే. పోటు సమయంలో సముద్రం నీటిని లోపలికి నెడుతుంది. ఆ పైన డ్రైనులో పూడిక, గుర్రపుడెక్క ఉంటే ఇక చెప్పేదేముంది?

ఒక ఏడాది సార్వా చేను పొట్ట మీదుండగా వారం రోజులు మునిగింది. మా పెదనాన్నగారు గట్టు మీద నిలబడి, “కాలవ రాకపోతే వచ్చే పంట పోద్దిరా, డ్రైను లాక్కపోతే ఉన్న పంటే పోద్ది” అన్నారు. ఆ సాయంత్రం మ్యాపు తీసి చూశాను. మా డ్రైను నీలం గీతగా నిక్షేపంగా ఉంది! గీతల పొడవు కొలిస్తే సాంద్రత బాగానే వస్తుంది. కానీ పారని డ్రైనును లెక్కలో ఎలా వేస్తాం?

కొండల్లో వాగును వాన తవ్వుకుంటుంది. డెల్టాలో ఆ పని మనది, అదీ ఏటేటా. ఈసారి సెలవులకి ఊరెళ్ళే మిత్రులు మ్యాపొకటి పట్టుకెళ్ళి, మీ ఊరి డ్రైను వెంట ఒక్క కిలోమీటరు నడిచి చూడండి. ఎంత పారుతోందో, ఎంత గీతగానే మిగిలిందో మీకే తెలుస్తుంది.