వార్తల్లో పదం: ఆరెంజ్ అలర్ట్

'జగిత్యాల జిల్లాకు ఆరెంజ్ అలర్ట్'. ఎండాకాలం వచ్చిందంటే ఆ జిల్లాలో గోదావరి ఒడ్డునున్న ధర్మపురిలో ఫోన్లన్నిటా ఇదే మాట. భారత వాతావరణ శాఖ ఇచ్చే 'సిద్ధంగా ఉండండి' అన్న హెచ్చరిక ఇది. దీనికి కింద ఆకుపచ్చ, పసుపు, పైన ఎరుపు. పసుపైతే కనిపెట్టుకుని ఉండాలి, ఎరుపైతే వెంటనే కదలాలి.

చాలామంది పొరబడేది ఒక్కచోట. ఆరెంజ్ అంటే ఎండే కానక్కర్లేదు. వాన, పిడుగు, ఈదురుగాలి, అన్నిటికీ ఇవే రంగులు. ముప్పు ఎంత పెద్దది, వచ్చే అవకాశం ఎంత అని రెండూ చూసి రంగు వేస్తారు. మైదానాల్లో 45 డిగ్రీలు తాకితే వడగాలి, 47 తాకితే తీవ్ర వడగాలి. వానైతే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ.

మధ్యాహ్నం గోదావరి మెట్ల మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే ఎండ అలర్ట్ అరికాలికే తెలుస్తుంది. వారం తిరక్కుండా అదే రంగు గాలివానకు వస్తుంది. అప్పుడు కొనుగోలు కేంద్రంలో వడ్లు ఆరబోసిన రైతు టార్పాలిన్ కోసం పరుగెత్తాలి. అందుకే రంగు పక్కన రాసిన కారణం, తేదీ చదవాలి. అలర్ట్ జిల్లా మొత్తానికి. మీ ఊళ్లో చినుకు పడకపోవచ్చు కూడా.

 ఎండ అలర్ట్‌నైతే అసలు తేలిగ్గా తీసుకోకూడదు. తెలంగాణ 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. మృతుల కుటుంబాలకు పరిహారం 4 లక్షల రూపాయలు.