బైక్ సైలెన్సర్ మారుస్తున్నారా? ముందు ఇది చదవండి

తోటి రైడర్లు వాట్సాప్‌లో చెప్తుంటే, పానా పట్టుకుని ఇంట్లోనే సైలెన్సర్ మార్చేయొచ్చు. చిక్కంతా రోడ్డెక్కాకే. రావిర్యాల దగ్గర ఔటర్ పైకి బైకులను రానివ్వరు. కింద సర్వీస్ రోడ్డులో తిరిగినా మోటారు వాహనాల చట్టం వర్తిస్తుంది.

సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదంటే రెండూ. సైలెన్సర్, హ్యాండిల్ రెండూ మారిస్తే లెక్క రెండింతలు. శబ్దం పరిమితి దాటితే సెక్షన్ 190 కింద మొదటిసారే రూ.10,000 వరకు పడొచ్చు. 3 నెలలు లైసెన్సుకూ అనర్హులవుతారు. ‘ఆర్టీఏ అప్రూవ్డ్’ అని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మొద్దు.

సీటు కవర్, మొబైల్ హోల్డర్‌తో ఇబ్బంది లేదు. రంగు మారిస్తే మాత్రం ఆర్టీఏ ఆఫీసులో చెప్పి ఆర్సీలో రాయించుకోవాలి. కంపెనీ సైలెన్సర్‌ను పాత సామాన్లకు వేసేయకండి, మళ్లీ బిగించాల్సింది అదే.